గండి పడిందా, కొట్టారా? ఇంగ్లీషులో ఒప్పించే ఎత్తుగడల సంగతి

అంబాజీపేటలో కొబ్బరికాయల బేరం. దళారీ "ఆయ్, తమరికి తెలీందేముందండీ, తమరి కాయ కాబట్టి ఈ రేటిత్తన్నాం, వేరేవోళ్ళదైతే ముట్టుకోనే ముట్టుకోమండీ" అంటాడు. రైతు పొంగిపోడు. "ఆయ్, అలాగేనండీ" అని ఊరుకుని, "మరి నిన్న పక్కూళ్ళో ఎంతకి కొన్నారండీ" అని అడుగుతాడు. దళారీ అన్న ఒక్క వాక్యంలో పొగడ్త ఉంది, మీరొక్కరే ప్రత్యేకం అనే బుజ్జగింపు ఉంది, ఆ రెండిటి చాటున రేటు తక్కువన్న సంగతి నక్కి ఉంది. రైతు ఏ అలంకారశాస్త్రమూ చదవకుండానే మూడిటినీ ఒకేసారి పట్టేశాడు. మర్యాదలోనే వెటకారం, వెటకారంలోనే బేరం నడిచే కోనసీమలో పెరిగిన చెవికి ఇదేం పెద్ద విద్య కాదు.

అదే రైతు ఫోనుకి "యాజ్ ఎ వాల్యూడ్ కస్టమర్, యు హావ్ బీన్ స్పెషల్లీ సెలెక్టెడ్" అని ఏదో లోన్ యాప్ నుంచి మెసేజ్ వస్తుంది. చెప్పేది అచ్చంగా దళారీ చెప్పిందే. కానీ ఈసారి ఆ అనుమానం రాదు. ఇంట్లో బీటెక్ చదివిన పిల్లాడుంటే వాడు కూడా చదివి, "నాన్నా, నీకు లోన్ ఇస్తారంట" అని అర్థం చెప్పి ఫోను తిరిగిచ్చేస్తాడు. ఇస్తామని ఆ వాక్యంలో ఎక్కడా లేదు. ఎవరు ఎంపిక చేశారో, ఎంతమందిని చేశారో, దేనికి చేశారో కూడా లేదు. పొగిడారు, అంతే.

తెలుగులో క్షణంలో దొరికే ఎత్తుగడ ఇంగ్లీషులో ఎందుకు దొరకదంటే, ఇంగ్లీషు రాకపోవడం వల్ల మాత్రం కాదు, బాగా వచ్చినవాళ్ళకీ దొరకదు. రెండో భాషలో చదివేటప్పుడు బుర్ర ఎక్కువ భాగం అర్థం లాగడానికే ఖర్చయిపోతుంది, అర్థం దొరగ్గానే పని అయిపోయినట్టుంటుంది, ఆ వాక్యం మనచేత ఏం చేయించాలని చూస్తోందన్న రెండో ప్రశ్న దాకా పోము. దానికి తోడు మన దగ్గర ఇంగ్లీషే ఒక సాక్షి సంతకంలా పనిచేస్తుంది: రొయ్యల మందు సంచీ మీద తెలుగులో రాస్తే ఎవడో ఇక్కడివాడు తయారు చేశాడనుకుంటారు, ఇంగ్లీషులో రాస్తే ఎక్కడో ల్యాబులో పరీక్షించి ఉంటారనుకుంటారు. రాసినవాళ్ళకి ఈ సంగతి బాగా తెలుసు.

బళ్ళో నేర్పేది ఇందుకు పెద్దగా పనికిరాదని చెప్పక తప్పదు. ఫిగర్స్ ఆఫ్ స్పీచ్ అని ఒక పాఠం ఉంటుంది, పద్యంలో "లైక్", "యాజ్" కనబడితే సిమిలీ, అవి లేకపోతే మెటాఫర్, చెట్టు మాట్లాడితే పర్సానిఫికేషన్, ఒకే అక్షరం మళ్ళీ మళ్ళీ వస్తే అలిటరేషన్. పేరు రాస్తే మార్కు. ఆ ఉపమానం అక్కడ ఏం పని చేస్తోంది, అది తీసేస్తే వాదనలో ఏం మిగులుతుంది అని ఎవరూ అడగరు. పైగా ఇదంతా కవిత్వానికి సంబంధించిన వ్యవహారమనీ, ఉత్తరాల్లోనూ ప్రకటనల్లోనూ ఒప్పందాల్లోనూ ఉండదనీ ఒక అభిప్రాయం స్థిరపడిపోతుంది. నిజానికి అవి ఎక్కువగా ఉండేది అక్కడే.

గ్రీకుల కాలంలో అరిస్టాటిల్ ఒప్పించే దారులు మూడన్నాడు. చెప్పేవాడి మీద నమ్మకం ఈథోస్, వినేవాడి మనసు కదిలించడం పేథోస్, తర్కం లోగోస్. మన వైపు వాళ్ళకి ఇంతకన్నా దగ్గరిది సామదానభేదదండోపాయాలు. ఉత్సవాల్లో కృష్ణ రాయబారం నాటకం వేస్తే తెల్లవార్లూ కూర్చుని చూసిన ఊళ్ళు ఇవి, ఆ రాయబారమంతా ఒప్పించే ఎత్తుగడల ప్రదర్శనే: సభలో చుట్టరికం గుర్తుచేయడం, అడిగేదాన్ని అయిదూళ్ళకి తగ్గించడం, కర్ణుణ్ణి పక్కకి పిలిచి పుట్టుక చెప్పడం, ఒప్పుకోకపోతే యుద్ధంలో ఏమవుతుందో కళ్ళకి కట్టడం. అరిస్టాటిల్ లెక్కలో చూస్తే ఈ నాలుగు కొంచెం మోటుగా ఉంటాయి కానీ ఒక విషయంలో మేలు, ఇవి వినేవాడి బలహీనత ఎక్కడుందో చూసి వేసే ఎత్తులని దాచుకోవు. ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట కోసం ఈస్టిండియా కంపెనీవాళ్ళని ఒప్పించేటప్పుడు కరువు గురించి మాత్రమే చెప్పి ఊరుకోలేదు, నీళ్ళొస్తే శిస్తు ఎంత పెరుగుతుందో కూడా చెప్పాడు. 1847లో పని మొదలై 1852కి పూర్తయింది. ఎవరి చెవి ఏ మాటకి తెరుచుకుంటుందో తెలిసిన మనిషి.

ఇక ఎత్తుగడల్లోకి వస్తే, అన్నిటికన్నా బలమైనది, అన్నిటికన్నా తక్కువ అనుమానం కలిగించేది మెటాఫర్. దీన్ని అందం కోసం పెట్టిన నగలా చూడటం అలవాటు. ఒప్పించే మాటల్లో అది చేసే పని వేరు, ఎవరు ఎవరికి బాకీ ఉన్నారో, ఎవరిది తప్పో ముందే తేల్చేస్తుంది. 1907 ఏప్రిల్‌లో జాతీయోద్యమ నాయకుడు బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి ఇంగ్లీషులో మాట్లాడితే చిలకమర్తి లక్ష్మీనరసింహం తెలుగు చేసి వినిపించాడు. ఆ సందర్భంలోనే చిలకమర్తి చెప్పిన పద్యం ఇప్పటికీ జనం నోళ్ళలో ఉంది: దేశం పాడి ఆవు, జనం లేగదూడలు, తెల్లవాళ్ళు దూడల మూతులు బిగగట్టి పాలు పితుక్కుంటున్న గొల్లవాళ్ళు. అందులో ఒక్క గణాంకం లేదు, పన్ను ఎంతో లేదు, ఎగుమతి ఎంతో లేదు. కానీ ఆవు పాల మీద దూడకి హక్కు ఉందా లేదా అని గోదావరి జిల్లా రైతుని అడగనక్కర్లేదు. ఆ హక్కు ఒప్పుకున్నాక మిగతా వాదన తనంతట తనే ఒప్పుకున్నట్టయింది.

1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో మార్టిన్ లూథర్ కింగ్ చేసిన ప్రసంగంలో అందరికీ గుర్తుండేది "ఐ హావ్ ఎ డ్రీమ్" అని మళ్ళీ మళ్ళీ వచ్చే చివరి భాగం. వాదన మాత్రం అంతకుముందే, మొదటి భాగంలో ఉంది. అమెరికా రాజ్యాంగమూ స్వాతంత్ర్య ప్రకటనా ఒక ప్రామిసరీ నోటు అన్నాడు, నల్లజాతి పౌరుల విషయంలో అమెరికా ఆ నోటుకి చెల్లని చెక్కు ఇచ్చిందన్నాడు, అది నిధులు చాలవని వెనక్కి వచ్చిందన్నాడు. దీనివల్ల జరిగింది చూడండి. హక్కులు అడగడం దయ అడగడం అవలేదు, బాకీ వసూలు అయింది. చేతులు కట్టుకుని నిలబడాల్సినవాడు అప్పిచ్చినవాడిగా నిలబడ్డాడు. మెటాఫర్ కనబడినప్పుడు దాని పేరు గుర్తుపట్టడం మూడో వంతు పని, ఈ పోలికలో ఎవరికి ఏ పాత్ర ఇచ్చారు, ఎవరికి పాత్రే లేకుండా చేశారు అని చూడటం మిగతా పని. రెండు పోలికలూ న్యాయమైన పక్షాన ఉన్నాయి కాబట్టి ఇక్కడ ఇబ్బంది లేదు, కానీ ఇదే పనిముట్టుతో వలస వచ్చినవాళ్ళని "ఫ్లడ్" అనొచ్చు, "వేవ్" అనొచ్చు, అలా అన్న క్షణంలోనే మనుషులు నీళ్ళయిపోయి, గట్టు కట్టడం ఒక్కటే తెలివైన పనిగా మిగులుతుంది. వరద తెలిసిన మనకి ఆ పోలిక ఇంకా తొందరగా ఎక్కుతుంది.

పునరుక్తి సంగతి తేలిక, చెవికే తెలుస్తుంది. వాక్యాల మొదట్లో ఒకే మాట తిరిగి తిరిగి వస్తే అనాఫొరా, చివర్లో వస్తే ఎపిస్ట్రఫీ. 1940 జూన్ 4న బ్రిటన్ ప్రధాని చర్చిల్ "వుయ్ షల్ ఫైట్" అని వాక్యం వెంట వాక్యం పేర్చుకుంటూ పోయినప్పుడు బ్రిటన్ సైన్యం జర్మనీ చేతిలో ఓడి ఫ్రాన్స్ తీరంలోని డన్‌కర్క్ నుంచి వెనక్కి వచ్చేసి ఉంది. అంటే బీచుల్లో పోరాడతాం, పొలాల్లో పోరాడతాం, వీధుల్లో పోరాడతాం అన్న జాబితా నిజానికి శత్రువు లోపలికి ఎంత దూరం రావచ్చో చెప్పే జాబితా. తీరంతో మొదలై వీధుల దాకా వచ్చింది. అర్థం భయపెట్టేది, లయ ధైర్యం చెప్పేది, విన్నవాళ్ళకి లయే మిగిలింది. మూడేసి మాటలు పేర్చడం కూడా ఈ జాతిదే, ముచ్చటగా మూడు అని మనమే అంటాం కదా. 1863 నవంబరు 19న లింకన్ అన్న "ఆఫ్ ది పీపుల్, బై ది పీపుల్, ఫర్ ది పీపుల్"లో మూడూ మూడు వేరే పనులు చేస్తాయి, ఒకటి తీస్తే నిజంగానే ఏదో పోతుంది. కాలేజీ హోర్డింగ్ మీది "లెర్న్, లీడ్, సక్సీడ్"లో ఏది తీసినా ఏమీ పోదు. మూడు కనబడితే ఒక్కొక్కటి తీసి చూడటం మంచి అలవాటు.

అతిశయోక్తి గౌరవంగా ఎలా వస్తుందో నెహ్రూ ప్రసంగంలో కనబడుతుంది. 1947 ఆగస్టు 14 అర్ధరాత్రికి కాస్త ముందు, ప్రపంచం నిద్రపోతుండగా భారతదేశం మేలుకుంటుందన్నాడు. ఆ సమయానికి లండన్‌లో సాయంత్రం, న్యూయార్క్‌లో మధ్యాహ్నం. ప్రపంచంలో సగం మేలుకునే ఉంది. దీన్ని తప్పు పట్టడం అరసికత్వం, అక్కడ నిద్ర అన్నది గడియారం సంగతి కాదు. కానీ ఇది గమనించకుండా పొంగిపోవడం వేరు, గమనించాక కూడా పొంగిపోవడం వేరు.

ఇప్పుడు గండి దగ్గరికి వద్దాం. కాలవ గట్టుకి గండి పడింది అన్న మాటకీ, గండి కొట్టారు అన్న మాటకీ మధ్య తేడా డెల్టాలో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. 1986 ఆగస్టు వరదలో గట్లు తెగాయంటే తెంపింది గోదావరే, అక్కడ మనిషి పేరు అడగక్కర్లేదు. వేసవిలో, నీళ్ళ వంతుల గొడవ నడుస్తున్నప్పుడు, తెల్లారేసరికి గండి పడిందని ఎవరైనా చెబితే మాత్రం వెంటనే వచ్చే ప్రశ్న "పడిందా, కొట్టారా?" చేసినవాణ్ణి దాచాలంటే తెలుగులో క్రియ మారుస్తాం: గ్లాసు పగిలింది, తాళం పోయింది, లెక్క తేడా వచ్చింది. ఇంగ్లీషులో ఆ పని ఎక్కువగా పాసివ్ వాయిస్ చేస్తుంది. తెలుగులో "చేయబడినది" అంటే ఆఫీసు బోర్డు భాషలా కొట్టొచ్చినట్టు కనబడుతుంది కాబట్టి చెవి నిక్కబొడుచుకుంటుంది, ఇంగ్లీషులో అది రోజువారీ మాటే కాబట్టి చప్పుడు కాకుండా దాటిపోతుంది. 1987 జనవరిలో ఇరాన్‌కి ఆయుధాలు అమ్మిన వ్యవహారం గురించి అమెరికా అధ్యక్షుడు రీగన్ "సీరియస్ మిస్టేక్స్ వర్ మేడ్" అన్నాడు. తప్పులు జరిగాయి. పశ్చాత్తాపం ఉంది, పశ్చాత్తాపపడేవాడు లేడు.

గల్ఫ్ పనికి వెళ్ళేవాళ్ళ చేతికిచ్చే ఒప్పంద పత్రాల్లో ఇది సాహిత్య చర్చ కాదు. "ఓవర్‌టైమ్ మే బీ రిక్వైర్డ్", "డిడక్షన్స్ విల్ బీ మేడ్ యాజ్ అప్లికబుల్" లాంటి వాక్యాల్లో ఎవరు అడుగుతారో, ఎవరు కోస్తారో, ఎవరు లెక్క చెబుతారో ఉండదు. "మే" అన్న చోట కార్మికుడికి "రావచ్చు, రాకపోవచ్చు" అని వినబడుతుంది, యజమానికి "నా ఇష్టం" అని వినబడుతుంది. రాజోలు, నరసాపురం వైపు నుంచి కువైట్ వెళ్ళే మనిషి సంతకం పెట్టేముందు ప్రతి క్రియ పక్కనా "ఎవరు?" అని పెన్సిలుతో రాసుకుంటే చాలు, ఖాళీలు ఎక్కడున్నాయో బయటపడతాయి.

తెలుగువాళ్ళ చేతిలో ఇంకో ఆయుధం ఉంది, ఎవరూ వాడుకోరు. మనకి "మనం" వేరు, "మేం" వేరు. ఇంగ్లీషు "వుయ్" రెండిటినీ ఒకే గుడ్డలో కట్టేస్తుంది. "వుయ్ ఆర్ ఇన్ దిస్ టుగెదర్" అని కంపెనీ ఉత్తరం మొదలవుతుంది, అక్కడ వుయ్ అంటే మనం. "వుయ్ హావ్ టు మేక్ టఫ్ డెసిషన్స్" దగ్గరికి వచ్చేసరికి వుయ్ అంటే మేం అయిపోతుంది, నిర్ణయం మేం తీసుకుంటాం. "వుయ్ మస్ట్ ఆల్ శాక్రిఫైస్" దగ్గర మళ్ళీ మనం, అసలు మాట్లాడితే మీరు. మూడు వాక్యాల్లో మూడు జట్లు, మాట ఒక్కటే. హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగం చేస్తున్న భీమవరం కుర్రాడికి ఇలాంటి ఉత్తరం వస్తే, వుయ్ కనబడ్డ ప్రతిచోటా మనమా మేమా అని అడుగుతూ చదివితే చాలు, చివరికి ఎవరి ఉద్యోగాలు ఊడబోతున్నాయో రెండో పేరాలోనే అర్థమైపోతుంది.

రొయ్యల చెరువుల దగ్గర ఇంగ్లీషు ప్రకటనలకి కొదవ లేదు. వెనామీ రకం రొయ్య వచ్చాక ప్రోబయోటిక్కులనీ మినరల్సనీ గట్ హెల్త్ అనీ బ్రోచర్ల మీద బ్రోచర్లు. వాటిలో ఇలాంటి వాక్యం ఒకటి ఉందనుకోండి: "క్లినికల్లీ ఫార్ములేటెడ్, హెల్ప్స్ ఇంప్రూవ్ సర్వైవల్ బై అప్ టు 40 పర్సెంట్." చదివిన రైతుకి మిగిలేది 40. ఇక్కడ ఒక్కొక్క మాటా విప్పి చూడాలి. "హెల్ప్స్" అంటే సాయపడుతుంది, పని చేస్తుందని కాదు, మంచి నీరూ మంచి సీడూ పనిచేస్తే పక్కన నిలబడ్డా సాయమే. "అప్ టు 40" అంటే నలభై దాటదని హామీ, కింద ఎంతకి దిగినా అబద్ధం కాదు, సున్నా కూడా అందులోనే ఉంది. "క్లినికల్లీ ఫార్ములేటెడ్" అంటే ఏమిటో ఎవరికీ తెలియదు, క్లినికల్లీ టెస్టెడ్ అనలేదని మాత్రం గమనించాలి, ఆ రెంటికీ మధ్య దూరం చాలా ఉంది. "ఇంప్రూవ్" అంటే దేనికన్నా? మందు వాడని పక్క చెరువు కన్నానా, పోయిన పంటకన్నానా, వైట్‌స్పాట్ తెగులు వచ్చి తుడిచిపెట్టుకుపోయిన చెరువు కన్నానా? ఇక ఆ 40 శాతమే నిజమనుకున్నా, సర్వైవల్, అంటే బతికే రొయ్యల శాతం, 50 ఉన్న చోట నలభై శాతం మెరుగైతే 70 అవుతుంది, 90 కాదు. 50కి 40 కలిపి లెక్క వేసుకున్న మనిషిని ఎవరూ మోసం చేయలేదు, ఆయనే కలుపుకున్నాడు, కలుపుకుంటాడని తెలిసి రాశారు. ఇలాంటి జారుడు మాటల్ని ఇంగ్లీషులో వీజల్ వర్డ్స్ అంటారు. కిలోకి ఎన్ని రొయ్యలన్న కౌంటు దగ్గర గ్రాము తేడా వస్తే కొనేవాడితో గంట వాదించే రైతు ఈ వాక్యం దగ్గర ఒక్క ప్రశ్న అడగడం లేదంటే, లోపం తెలివిలో లేదు, ఆ వాక్యం కూడా బేరంలో భాగమేనని తోచకపోవడంలో ఉంది.

ఈ రొయ్యలే 2025లో ఇంకో పెద్ద పాఠం చెప్పాయి. ఏప్రిల్ 2న ట్రంప్ వైట్‌హౌస్ తోటలో ఒక పట్టిక పట్టుకుని నిలబడ్డాడు. దేశం పేరు పక్కన రెండు అంకెలు. భారత్ పక్కన మొదటి గడిలో 52, రెండో గడిలో 26. మొదటిది మీరు మా మీద వేస్తున్న సుంకం, రెండోది మేం తిరిగి వేస్తున్న "డిస్కౌంటెడ్ రెసిప్రోకల్ టారిఫ్". ఆ రోజుకి పెట్టిన పేరు లిబరేషన్ డే. అమెరికాకి పోయే మన రొయ్యల్లో చాలా భాగం ఆంధ్రా చెరువుల్లోవే కాబట్టి ఆ పట్టిక నేరుగా భీమవరం చెరువు గట్టు మీదికే వచ్చింది.

దాని పనితనం చూడాలి. 26 ఒక్కటే చూపిస్తే ఎక్కువనిపిస్తుంది, 52 పక్కన పెడితే సగం తగ్గించి వదిలేశారనిపిస్తుంది. దీన్ని యాంకరింగ్ అంటారు, పండగ సేల్లో కొట్టేసిన పాత ధర చేసే పనే. మరి ఆ 52 ఎక్కడిది? మన దేశం వేసే సుంకాలు లెక్కగట్టి తీసింది కాదు. ఆ దేశంతో అమెరికాకున్న వాణిజ్య లోటుని ఆ దేశం నుంచి వచ్చే దిగుమతుల విలువతో భాగించారు, వచ్చినదాన్ని సగం చేశారు, తర్వాత వాళ్ళే ఆ సూత్రం బయటపెట్టారు. అంటే ప్రతీకార సుంకం అన్న పేరుకీ, కిందున్న లెక్కకీ పొంతన లేదు. లిబరేషన్ అన్నాక అంతకుముందు బానిసత్వం ఉండి తీరాలి, బంధించినవాడు ఉండి తీరాలి, అలా సరుకు అమ్మేవాడు కాస్తా బంధించినవాడయ్యాడు. ఇది వాళ్ళొక్కరే చేసే పని అనుకోవద్దు, పథకాలకీ చట్టాలకీ పేరు పెట్టేటప్పుడు ప్రపంచంలో ప్రతి ప్రభుత్వమూ చేస్తుంది. ఆగస్టు 27 నుంచి మన మీద మొత్తం సుంకం 50 శాతానికి వెళ్ళింది. ఏప్రిల్ పట్టికలో భయపెట్టడానికి పెట్టిన అంకె 52, దాదాపు అయిదు నెలలకి నిజమైన సుంకం దాదాపు అక్కడికే చేరింది, అప్పుడు డిస్కౌంట్ ఊసు ఎవరూ ఎత్తలేదు.

తొందరపెట్టడం, సిగ్గుపడేలా చేయడం లాంటివి ఫోన్లలో ఎంత పెరిగాయంటే కేంద్రం 2023 నవంబరు 30న డార్క్ ప్యాటర్న్స్ అని 13 రకాలు పేర్లు పెట్టి మరీ నిషేధించింది. "ఓన్లీ 2 లెఫ్ట్" అని లేని కొరత చూపించడం ఫాల్స్ అర్జెన్సీ, "నో థాంక్స్, ఐ డోంట్ వాంట్ టు సేవ్ మనీ" అని నొక్కితే తప్ప బయటికి పోనివ్వకపోవడం కన్‌ఫర్మ్ షేమింగ్. ర్యాంకుల హోర్డింగుల కోసం 2024 నవంబరులో కోచింగ్ సెంటర్లకి విడిగా నియమాలు వచ్చాయి, ర్యాంకు కొట్టిన పిల్లాడు తమ దగ్గర ఏ కోర్సు ఎన్నాళ్ళు చదివాడో చెప్పాలని. నాలుగు రోజుల టెస్ట్ సిరీస్ రాసినవాడి ఫోటో కూడా అయిదేళ్ళు చదివినవాడి ఫోటో పక్కనే అంతే సైజులో ఉండేది మరి. ప్రశ్నలో ముందే జవాబు పెట్టేయడం ఇంకో రకం. "వై సెటిల్ ఫర్ లెస్?" అన్న హోర్డింగ్ చదివామంటే ఇప్పుడు దొరుకుతున్నది తక్కువేనని ఒప్పుకున్నట్టే. సంక్రాంతి వెళ్ళాక "ఏరా, పందేలు మానేశావంటగా?" అని అందరి ముందూ అడిగితే అవునన్నా కాదన్నా పరువు పోతుంది చూశారా, ఇదీ అదే.

ఈ పేర్లన్నీ నేర్చుకున్న కొత్తలో ఒక జబ్బు పట్టుకుంటుంది. ఎదుటివాడు ఏం మాట్లాడినా "అది యాడ్ హామినెమ్" (వాదన వదిలి మనిషిని తిట్టడం), "అది స్ట్రా మ్యాన్" (అనని మాట అన్నట్టు పెట్టి ఖండించడం) అని చీటీ అంటించి గెలిచామనుకోవడం. వాదనలో ఎత్తుగడ ఉన్నంత మాత్రాన వాదన తప్పయిపోదు, కింగ్ చెక్కు పోలిక ఎత్తుగడే, ఆయన చెప్పింది నిజమే. అబద్ధం అసలు ఏ అలంకారమూ లేకుండా పొడి అంకెల్లో కూడా రావచ్చు. అమెరికాలో ఎంఎస్‌కి వెళ్ళాలనుకునే భీమవరం, రాజమండ్రి పిల్లలు జీఆర్‌ఈలో ఒక వ్యాసం రాయాల్సి వచ్చేది, ఎవరో చేసిన వాదన ఇస్తారు, అందులో ఏ ఊహల మీద అది నిలబడిందో విప్పి చూపించాలి, ఆ వాదనతో ఒప్పుకుంటారా లేదా అన్నది అడగరు. పేర్లు అక్కర్లేదు, విప్పడమే కావాలి. ఈ విద్యని నేరుగా పరీక్షించిన ప్రశ్న అది. 2023 సెప్టెంబరులో పరీక్ష పొట్టిగా చేసినప్పుడు దాన్నే తీసేశారు.

అన్నిటికన్నా పట్టుకోవడం కష్టమైనది ఒప్పుకోలు. తన లోపం తనే చెప్పే వాక్యం. "అవర్ ప్రొడక్ట్ ఈజ్ నాట్ ఫర్ ఎవ్రీవన్", "అడ్మిటెడ్లీ, ఇట్ కాస్ట్స్ మోర్" అని మొదలుపెడతారు. నిజాయితీగా ఉన్నారనిపిస్తుంది, ఆ ఒక్క వాక్యంతో వచ్చిన నమ్మకం కింద మిగతా పది వాక్యాలూ తనిఖీ లేకుండా గేటు దాటేస్తాయి. నిజమైన నిజాయితీ కూడా ఇలాగే మాట్లాడుతుంది, అందుకే చిక్కు. డన్‌కర్క్ తర్వాత అదే ప్రసంగంలో చర్చిల్ వెనక్కి రావడాన్ని విజయం అనుకోకండి, వెనక్కి తగ్గి యుద్ధాలు గెలవరు అన్నాడు. అది తనకి నష్టమయ్యే పెద్ద నిజం, సభ ముందు దాచడానికి వీలున్నంతవరకు దాచగలిగిన నిజం. "ధర కొంచెం ఎక్కువ" అన్నది ఎలాగూ సంచీ మీద ఎంఆర్‌పీలో కనబడే నిజం. తేడా అక్కడ చూడాలి: ఒప్పుకున్నది చెప్పేవాడికి నిజంగా ఖరీదైనదేనా, లేక మనకి ముందే తెలిసిందా? రొయ్యల మందు బ్రోచరు "ఈ మందు నీటి పారామీటర్లు సరిగా ఉన్న చెరువుల్లోనే పనిచేస్తుంది" అని వినయంగా ఒప్పుకుందంటే, పారామీటర్లు సరిగా ఉన్న చెరువులో రొయ్య ఆ మందు లేకుండా ఎలా పెరిగిందో పక్క గట్టు మీద రైతుని ఒకసారి అడిగి చూడొచ్చు.